కొవ్వొత్తి వాసన

బాపట్ల విష్ణువర్ధన్ ఆ రోజు నేను చేతిలో పెట్టిన పెచ్చును ఒక్కసారి ముక్కు దగ్గరికి తీసుకుని ఉంటే సరిపోయేది. తీసుకోలేదు. ఫోను చెవికి ఆనించుకుని, నా వైపు చూడకుండానే "ఆఁ, అదే" అన్నాడు. ఆ మాట అన్నందుకు అతనికి ఒక్క పూట కూడా నిద్ర చెడలేదని నా నమ్మకం. ఇప్పటికీ ఆదివారాలు ఆ ఏనుగంత బండి మీద తిరుగుతూనే ఉన్నాడు. పెట్టెలు మాత్రం అల్యూమినియంవి వేయించుకున్నాడట. ప్లాస్టిక్ అతికేవాళ్లను నమ్మి చెడిపోవద్దని తోటి బండ్ల వాళ్లందరికీ చెబుతున్నాడట.

ఆ అతికేవాణ్ణి నేనే. పేరు కోటిబాబు. తెనాలిలో చినరావూరు పోయే దారిలో మూడు రేకుల షెడ్డు నాది. మా నాన్న ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవాడు. నేను ఏడో తరగతి సగంలో ఉండగా ఆయనకు చెయ్యి కాలితే, కొలిమి దగ్గర కూర్చోమన్నారు నన్ను. మళ్లీ బడి మొహం చూడలేదు. నాకు పని వచ్చేసరికి ఇత్తడి బిందెలు అటకెక్కి, ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. దాంతో నేను ప్లాస్టిక్‌కు మారాను. డ్రమ్ములు, కుర్చీలు, నీళ్ల ట్యాంకులు, మోటారుసైకిళ్ల డూములు, కారు బంపర్లు, ఏది పగిలినా తెనాలి చుట్టుపక్కల నా దగ్గరికే వచ్చేవి. దుగ్గిరాల నుంచి పసుపు వ్యాపారులు కాటా మీద పెట్టే ప్లాస్టిక్ తొట్లు కూడా తెచ్చేవాళ్లు.

చూడటానికి అన్ని ప్లాస్టిక్కులూ ఒకటే. కలవడంలో మాత్రం వాటికున్న కులపట్టింపు మనుషులకు కూడా లేదు. ఏ రకం ఆ రకంతోనే అతుకుతుంది. వేరే రకం కరిగించి పోస్తే పైకి నున్నగా, ముచ్చటగా కూర్చుంటుంది. బరువు పడ్డ రోజున పెనం మీద నుంచి అట్టు లేచినట్టు లేచి వస్తుంది. అందుకని పని మొదలుపెట్టే ముందు, విరిగిన అంచు నుంచి సన్నగా ఒక పెచ్చు చెక్కి, కాల్చి, ఆర్పి, ఆ పొగ వాసన చూడాలి. నల్లటి మసి రేగితే అదొక రకం, కంటికే తెలిసిపోతుంది. మసి లేకుండా బొట్లు బొట్లుగా కారుతూ మండేవి రెండు రకాలున్నాయి. ఒకటి ఆర్పిన కొవ్వొత్తి వాసన వేస్తుంది, నీళ్ల డ్రమ్ములూ ట్యాంకులూ అవి. రెండోది డీజిల్ పొగలాంటి ఘాటు వేస్తుంది, కుర్చీలూ బంపర్లూ అవి. ఈ రెంటినీ చూసి చెప్పగల మొనగాడు ఈ జిల్లాలో లేడు. ముక్కే చెప్పాలి.

నా ముక్కు ఇరవై ఏళ్లు చెప్పింది. ఎవరైనా గిరాకీ అనుమానంగా చూస్తే, "నమ్మకం లేకపోతే కాల్చి చూసుకోండి" అనేవాణ్ణి. అది నాకు ఊతపదం అయిపోయింది. రెండువేల ఇరవై ఒకటి మే నెలలో కరోనా వచ్చింది. పదిహేను రోజులకు లేచి తిరిగాను, వాసన మాత్రం తిరిగి రాలేదు. మూడు నెలల్లో వస్తుందని డాక్టరు అన్నాడు. ఆరు నెలలకు ఆయన దగ్గరికి వెళ్లడం మానేశాను. ఇంట్లో పాలు మాడినా, పక్కనే ఎలుక చచ్చినా నాకు తెలియదు.

చూపు పోయిన కంసాలికి బంగారం ఎవరిస్తారు? అందుకే ఎవరికీ చెప్పలేదు. ఒక్క నా భార్య నాగజ్యోతికే తెలుసు. ఆమె మధ్యాహ్నం క్యారియరు తెచ్చేసరికి పొద్దుటి నుంచి వచ్చిన సామాన్ల నుంచి పెచ్చులు తీసి వరసగా పెట్టి ఉంచేవాణ్ణి. ఒక్కోటి కాల్చి ఆమె ముక్కు కింద పెడితే, "కొవ్వొత్తి", "డీజిలు", "ఇదీ డీజిలే", అని చెప్పి, చెయ్యి కడుక్కుని అన్నం వడ్డించేది. మూడేళ్లకు పైగా ఆమె ముక్కుతో బతికాను. సాయంత్రం వచ్చిన పనిని ఏదో ఒక వంకతో మర్నాటికి వాయిదా వేసేవాణ్ణి. పనిలో నిదానం ఎక్కువైందని ఊళ్లో అనుకున్నారు. అనుకోనిచ్చాను.

పోయిన నవంబరులో ఒక శనివారం పదకొండు గంటలప్పుడు విష్ణువర్ధన్ వచ్చాడు. ఆ రోజు నాగజ్యోతి చేబ్రోలులో వాళ్ల పిన్ని కూతురి సీమంతానికి వెళ్లింది.

బండిని చూసి వీధిలో నలుగురు పోగయ్యారు. దూర ప్రయాణాల కోసం చేసిన పెద్ద మోటారుసైకిలు. అటూ ఇటూ రెండు నల్లటి పెట్టెలు, సూటుకేసులంత ఉన్నాయి. ఎడమ పెట్టెను తాడుతో కట్టి తెచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, ఒంటి మీద ఎండకు ఉడికిపోయేంత మందం కోటు.

"బాబాయ్, ప్లాస్టిక్ అతికేది నువ్వేనా?"

"నేనే బాబూ. ఎక్కడ పడేశావు?"

"సూర్యలంక ఇసకలో. స్టాండు దిగబడి పక్కకి ఒరిగింది. కొత్త పెట్టె కావాలంటే నెల పడుద్దంట. నాకు సాయంత్రానికి రేపల్లెలో ఉండాలి. ఫ్రెండ్సంతా అక్కడ వెయిటింగు."

పెట్టె విప్పి చూశాను. వెనక గోడలో, బండి ఇనప చట్రానికి తగులుకునే కొక్కెం దగ్గర పగులు మొదలై జానెడు పైకి పాకింది. బరువంతా మోసే చోటు అదే.

"ఉంచి వెళ్లు బాబూ. రేపు పొద్దున్నే ఇస్తా."

"రేపా! ఏంటి బాబాయ్, జానెడు చీలికకి రెండ్రోజులా? గుంటూరులో అయితే గంటలో చేసిస్తారు."

"గుంటూరులో గంటలో చేసేవాళ్లు గమ్మూ వంటసోడా పోసి ఇస్తారు. రెండో స్పీడు బ్రేకరు దాకా ఉంటది."

"మరి నీది మూడో బ్రేకరు దాకా ఉంటదా?" అన్నాడు నవ్వుతూ.

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పంపించేయాల్సింది. పక్కన టీ కొట్టు ఆమెను పిలిచి, "అమ్మా, ఇది కాస్త చూడు" అని అడిగినా సరిపోయేది. కానీ అడిగితే సాయంత్రానికి చినరావూరు దాకా తెలిసిపోతుంది. అందుకని నేనొక తెలివి ఉపయోగించాను. పెచ్చు చెక్కి కాల్చాను. మసి రాలేదు, బొట్లు కారింది. రెండింట్లో ఒకటి. పెట్టె గోడ మందం, నున్నదనం చూస్తే ట్యాంకు ప్లాస్టిక్‌లాగే అనిపించింది. పొగలేచే ఆ పెచ్చును విష్ణువర్ధన్ చేతికి ఇచ్చాను.

"నువ్వు కూడా చూస్కో బాబూ, తర్వాత నన్ననకు. కొవ్వొత్తి వాసనే గదా?"

అప్పుడే అతనికి ఫోను వచ్చింది. పెచ్చును వేళ్ల మధ్య పట్టుకుని, "వస్తున్నా రా, తెనాల్లో ఉన్నా" అని అవతలివాడితో అంటూ, నాకు "ఆఁ, అదే" అన్నాడు. పెచ్చు కింద పడేశాడు. అది అతని ముక్కు దాకా పోలేదు. నేను చూశాను. చూసి కూడా, అతను చెప్పాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కొవ్వొత్తి అన్న మాట నేనే ముందు అందించాను, అదీ ఒప్పుకుంటాను. కానీ తన వస్తువు, తన ప్రాణం, తన ముక్కు. ఒక్కసారి చూస్తే ఏం పోయింది?

పాత నల్ల ట్యాంకు నుంచి పుల్లలు కోసుకున్నాను. పగులు ఇంకా పాకకుండా చివర సన్న బెజ్జం వేశాను. పొడుగునా గాడి తీసి, కాలిన ఇనప మొనతో పుల్ల కరిగిస్తూ గాడి నింపాను. లోపలి వైపు స్టీలు జల్లెడ ముక్క పరిచి, దాని మీద కూడా పోశాను. రెండు ప్లాస్టిక్కులూ కలిసేటప్పుడు ఒకే పాకంలా సాగాలి. ఆ రోజు పుల్ల ప్లాస్టిక్ కొంచెం ముద్ద కట్టినట్టు, పెట్టె మీద నిలవకుండా జారుతున్నట్టు అనిపించింది. వేడి చాలలేదేమో అనుకుని ఇంకా కాల్చాను. చేతికి తెలిసింది. చేతి మాట నేను వినలేదు.

పైన గీకి, నున్నగా చేసి, నల్ల రంగు కొట్టాను. ఎక్కడ పగిలిందో కనిపించలేదు. మా నాన్న మాటు వేసిన ప్రతి బిందె అడుగునా ఉలితో చిన్న చేప గుర్తు కొట్టేవాడు. నీరు కారితే ఎవరి దగ్గరికి రావాలో తెలియాలని. నాకు చేప గీయడం రాదు. ఇనప మొనతో లోపలి వైపు నా ఫోను నంబరు కాల్చాను.

"ఇవాళంతా బరువు పెట్టకు. తర్వాత కూడా బట్టలే."

"బట్టలే బాబాయ్. ఇంకేం పెడతా?"

అడిగిన దానికన్నా వంద ఎక్కువే ఇచ్చాడు. అతని మంచి కూడా చెప్పాలి కదా.

మర్నాడు సాయంత్రం ఫోను వచ్చింది.

"ప్లాస్టిక్ కోటిబాబంటే నువ్వేనా? నేను రేపల్లె నుంచి బ్రహ్మానందాన్ని. రొయ్యల మేత షాపు. నువ్వు అతికిన పెట్టెలో నీ నెంబరుంది."

జరిగింది అతనే చెప్పాడు. విష్ణువర్ధన్ రాత్రి రేపల్లెలో స్నేహితుడి రొయ్యల చెరువు దగ్గర ఉన్నాడు. పొద్దున బాపట్లకు బయల్దేరుతుంటే స్నేహితుడు రొయ్యలు ఇచ్చాడు. ఎడమ పెట్టెలో సంచి పరిచి, ఐసు నింపి, రొయ్యలు పోసుకున్నాడు. ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోయాడో లేదో, ఒక గతుకులో పెట్టె ఊడి రోడ్డు మధ్యలో పడింది. వెనక మత్తయి అనే కూలీ మనిషి మోపెడ్ మీద పచ్చిగడ్డి మోపుతో వస్తున్నాడు. పెట్టెకు గుద్దుకుని ఎదురు లారీ కింద పడ్డాడు. ప్రాణం ఉంది. కుడి కాలు మోకాలి కింద నుంచి నుజ్జయింది. అతను అరుస్తూ ఉంటే ఇద్దరు ముగ్గురు అక్కడే వంగి రొయ్యలు ఏరుకున్నారని బ్రహ్మానందం చెప్పాడు. చెప్పి, కొంచెం ఆగి అడిగాడు.

"అన్నట్టు నువ్వు అంకాలమ్మ కొడుకువేగా? కాలవ కింద మాగాణి చెక్క మీదేగా?"

అవునన్నాను. ఆ చెక్క సంగతి ఎందుకెత్తాడో అప్పుడే అర్థమైంది.

అంకాలమ్మ మా అమ్మ. ఆమెది రేపల్లె పక్క ఊరు. పెళ్లినాడు పసుపు కుంకుమల కింద ఆ చెక్క ఇచ్చారు. అమ్మ పోయాక నా పేరు మీదికి వచ్చింది. కౌలుకు ఇస్తే ఏడాదికి అయిదు బస్తాల ధాన్యం వచ్చేది, మా ఇద్దరికీ ఆ బియ్యమే తిండి. షెడ్డు సంపాదన ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. అన్నానికి మాత్రం ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. అన్నీ పోయినా ఆ నేల ఉంటుందని నాగజ్యోతి అంటూ ఉండేది.

మత్తయి కాలు గుంటూరులో తీసేశారు. విష్ణువర్ధన్ బండికి ఇన్సూరెన్సు రెండు నెలల కిందటే అయిపోయిందట, కట్టడం మర్చిపోయాడట. కేసయితే ఉద్యోగానికి ఇబ్బంది. మత్తయి వాళ్లకు కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే ఓపిక లేదు. అందుకని బ్రహ్మానందం దగ్గర పెద్దమనుషుల్లో తేల్చుకుందామన్నారు. నన్ను మూడో వారం రమ్మన్నారు.

బయల్దేరే రోజు పొద్దున నాగజ్యోతి అడిగింది.

"ఏ రకం అనుకుని అతికావు?"

"కొవ్వొత్తి రకం."

"ఎవరు చూశారు?"

నేను చెప్పులు వేసుకున్నాను.

"నేను కూడా వస్తా. నేనుంటే నయం."

"పెద్దమనుషుల్లో ఆడమనిషికి ఏం పని? ఐసు పెట్టి తప్పు వాడు చేశాడు. బరువు వల్ల విరిగిందని చెప్పి వస్తా. నువ్వు వచ్చి ఏం చేస్తావు?"

"నేనేం చేస్తానో మూడేళ్ల బట్టి నీకు తెలవదా?" అంది. నేను వినిపించుకోకుండా బస్సెక్కాను.

బ్రహ్మానందం షాపు వెనక గోడౌనులో కూర్చున్నాం. మేత బస్తాల మధ్య నాలుగు కుర్చీలు. బ్రహ్మానందం, విష్ణువర్ధన్, మత్తయి భార్య ప్రేమకుమారి, నేను. ప్రేమకుమారి నలభై దాటని మనిషి, తెల్ల చీర, చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి. పెట్టెను మూలన గోనె కప్పి ఉంచారు. బ్రహ్మానందం గోనె తీయగానే విష్ణువర్ధన్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు. ప్రేమకుమారి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పెట్టెను ఒళ్లోకి తీసుకుని, విరిగిన చోటు కనబడేలా మొహం దగ్గరికి ఎత్తి పట్టుకున్నాను.

"ఏమయ్యా, కంపు కొట్టట్లేదా నీకు?" అన్నాడు బ్రహ్మానందం. "మూడు వారాల రొయ్యల నీళ్లు అందులోనే మురిగినయ్యి."

"మా పనిలో ఇలాంటివి అలవాటేనండి," అన్నాను.

నోరు అలా అంది గానీ కళ్లు అప్పటికే చూశాయి. నేను పోసిన ప్లాస్టిక్ జల్లెడతో సహా ఒకే పట్టీగా లేచి వచ్చింది. పెట్టె గోడ చిరగలేదు. గాడి అడుగు గాజులా నున్నగా ఉంది. బరువుకు విరిగితే నార నారగా చీలుతుంది. ఇది చీలలేదు. అసలు కలవలేదు. అక్కడికక్కడే నాకు అర్థమైపోయింది. ఆ అర్థమైన మాట చెప్పి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఊహించలేను. చెప్పలేదు. ఆ నేల కళ్ల ముందు తిరుగుతుంటే ఎవడు చెబుతాడు?

"బట్టలే పెడతానని చెప్పి ఐసూ రొయ్యలూ నింపాడండి," అన్నాను. "ఇరవై కిలోలు. ఏ అతుకైనా ఆగుద్దా?"

విష్ణువర్ధన్ కుర్చీలోంచి ముందుకు వంగాడు. "బరువుకైతే ప్లాస్టిక్ విరగాలి బాబాయ్. ఇది విరగలేదు, ఊడింది. నేను కూడా ఇంజనీరింగు చదివా. నువ్వు వేరే ప్లాస్టిక్ పోశావు."

"ఇరవై ఏళ్ల బట్టి చేస్తున్నా. రెండూ ఒకటే రకం." ఆ వెంటనే నా నోటి నుంచి, ఎన్ని వేల సార్లు అన్నానో ఆ ఊతపదం దానంతట అదే వచ్చేసింది. "నమ్మకం లేకపోతే కాల్చి చూసుకోండి."

అన్నాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే బ్రహ్మానందం జేబులోంచి లైటరు తీశాడు.

"అదీ బావుంది. ఎవరి మాటా అక్కర్లేదు. ఎట్లా చూడాలో నువ్వే చూపించు."

తప్పించుకోవడానికి ఏ వంకా తోచలేదు. కత్తి అడిగి, పెట్టె గోడ నుంచి ఒక పెచ్చు, ఊడిన పట్టీ నుంచి ఒక పెచ్చు చెక్కాను. రొయ్యల కంపు తగలకుండా గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. మొదటిది కాల్చి ఆర్పాను. నా ముక్కు కింద పెట్టుకున్నాను. వేడి తగిలింది, ఇంకేమీ తగల్లేదు. రెండోది కూడా అంతే. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. నాగజ్యోతి ఎలా కళ్లు చిట్లించి వాసన చూసేదో గుర్తు తెచ్చుకుని అలాగే చిట్లించాను.

"రెండూ కొవ్వొత్తి వాసనే," అన్నాను.

బ్రహ్మానందం పట్టీ పెచ్చు తీసుకుని చూసి, తల ఊపి ప్రేమకుమారికి ఇచ్చాడు. పెట్టె పెచ్చును నేను మళ్లీ కాల్చి ఇచ్చాను. ఆమె ఒకటీ, తర్వాత రెండోదీ చూసింది. మళ్లీ మొదటిది చూసింది.

"ఇది కొవ్వొత్తేనండి," అంది పట్టీ పెచ్చు చూపిస్తూ. "క్రిస్మస్‌కి గుళ్లో అన్నీ ఒక్కసారి ఆర్పినప్పుడు ఇట్టాగే ఉంటది. కానీ ఇదేంటి, లారీ పొగలాగుంది? రెండూ ఒకటి కాదండి." తర్వాత నా వైపు తిరిగింది. కోపంగా కాదు. కోపంగా అడిగినా బాగుండేది. "మీకు తెలవట్లేదా అన్నయ్యా? ఇందాక ఆ పెట్టె కూడా మొహం మీద పెట్టుకున్నారు. మా ఆయనకి కూడా కరోనాలో పోయింది, రెణ్ణెల్లకి వచ్చింది. మీకు రాలేదా?"

బ్రహ్మానందం లైటరు జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్నేళ్లయింది?"

"మూడు దాటిందండి."

"ముక్కు లేకుండా మూడేళ్లు ఈ పని చేస్తున్నావా? కళ్లు లేనోడు లారీ తోలినట్టుంది గదయ్యా!"

"మా ఆవిడ చూస్తదండి. ఆ రోజు లేదు. ఇతన్ని అడిగాను. పెచ్చు చేతిలో పెట్టి కొవ్వొత్తి వాసనేనా అని అడిగితే అదే అన్నాడు. వాసన చూడనే లేదు. అడగండి!"

నా గొంతు పెద్దదైంది. విష్ణువర్ధన్ నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. అతనికి అది గుర్తు కూడా లేదు. మొహం చూస్తే తెలిసింది, నిజంగానే గుర్తు లేదు.

"అనుంటా బాబాయ్. నువ్వు అదే గదా అంటే ఆఁ అనుంటా. నాకేం తెలుసు? నీకు రాదని ఒక్క ముక్క చెప్తే రెండు నిమిషాలు ఆగి వాసన చూసేవాణ్ణి గదా. పక్కనోణ్ణి ఎవణ్ణయినా పిలిచేవాణ్ణి. ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అందుకే అతని మీద నాకు కోపం తగ్గదు.

తర్వాత పెద్దగా మాటలు లేవు. ఆసుపత్రి ఖర్చంతా, కట్టుడు కాలు ఖర్చు కూడా విష్ణువర్ధన్ పెట్టుకోవాలని బ్రహ్మానందం తేల్చాడు. ఐసు నింపిన తప్పు అతనిది. మత్తయి ఇక ఏ పొలంలోనూ దిగలేడు కాబట్టి వాళ్ల బతుకుకు నేను ఏదో ఒకటి చూపించాలన్నాడు. నా దగ్గర డబ్బు లేదన్నాను. అప్పు తెచ్చి నెలనెలా ఇస్తానన్నాను. షెడ్డు అమ్ముతానన్నాను. మూడు రేకులకు ఎవరు ఏమిస్తారని బ్రహ్మానందం నవ్వాడు.

అప్పటిదాకా కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ప్రేమకుమారి మాట్లాడింది.

"నాకు డబ్బు వద్దండి. డబ్బు చేతికొస్తే నాలుగు రోజులు. మా మావయ్య ఒకరి నేల దున్నాడు, ఈయనా ఒకరి నేల దున్నాడు. కాలవ కింద చెక్కలో మేం నాలుగేళ్లు కూలికి నాట్లేశాం. ఆ నేల నాకు తెలుసు. అది రాయించండి."

"చెల్లెమ్మా, మా తిండి అదేనమ్మా," అన్నాను.

"మా తిండి ఆయన కాలే అన్నయ్యా," అంది.

వారంలో రాసిస్తానని ఒప్పుకుని బస్సెక్కాను. ఇంటికి వచ్చి నాగజ్యోతికి చెప్పాను. క్యారియరు గిన్నెలు తోముతూ, "నేనొస్తానన్నా" అని ఒక్కసారి అంది.

నా ముక్కు సంగతి నాకన్నా ముందే తెనాలి చేరింది, ఆ వారం షెడ్డుకు కొత్త పని ఒక్కటీ రాలేదు. అంతకుముందు అతికించుకున్నవాళ్లు మాత్రం వచ్చారు. దుగ్గిరాల వాళ్లు తొట్టి తెచ్చి, "ఇది ఎవరు చూశారు, నువ్వా మీ ఆవిడా?" అని అడిగారు. టీ కొట్టు ఆమె నాకు గ్లాసు ఇస్తూ, "పాలు విరిగినయ్యేమో చూడు కోటిబాబూ" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. నాగజ్యోతి ఇక క్యారియరు తేనంది. అందరి ముందూ కూర్చుని వాసన చూడటానికి తానేమన్నా పోలీసు కుక్కనా అంది. రేకులు దించేసి, ఇనప మొన, జల్లెడ ముక్కలు, ట్యాంకు పుల్లలు పాత సామాన్ల వాడికి తూకానికి వేశాను. ఇప్పుడు మార్కెట్టు యార్డులో బస్తాలు కుడుతున్నాను. దారానికి వాసనతో పని లేదు.

రిజిస్ట్రేషను రోజున రేపల్లె వెళ్లాం. నాగజ్యోతి కూడా వచ్చింది, ఆ రోజు నేను వద్దనలేదు. మత్తయిని ఆటోలో తెచ్చి ఆఫీసు అరుగు మీద కూర్చోబెట్టారు. పంచె మడత కింద ఒక కాలే ఉంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, కూర్చునే దణ్ణం పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు తెలియదు. నేను కూడా పెట్టాను. సాక్షి సంతకం బ్రహ్మానందం చేశాడు. విష్ణువర్ధన్ రాలేదు, అతని అవసరం లేదన్నారు.

దస్తావేజు రాసినాయన కాగితం నాకు చదివి వినిపించాడు. ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో రాసి ఇస్తున్నానని అందులో ఉంది. తూర్పు పంట బోదె, దక్షిణం డొంక, పడమర వేరేవాళ్ల మాగాణి, ఉత్తరం కాలవ గట్టు. ఈ నాలుగు హద్దుల లోపల ఉన్నదంతా, ముప్పై ఆరున్నర సెంట్లు.